గడము, అబూ సలాం: ఒక జీవికి రెండు ఒడ్డుల పేర్లు

డాల్ఫిన్లనీ తిమింగలాలనీ చూడ్డానికి బాల్‌బచ్చాలతో సఫర్ కట్టాలనుకునేవాళ్ళు ముందు రైలు టైములు చూస్తారు. తర్వాత హోటల్ కిరాయిలు చూస్తారు. నేను ఇవాళ మూడోది ఒకటి చెప్తాను. తారీఖు. ఎందుకంటే ఈ జానవర్ల తారీఖులో మన తెలుగు సముద్రానికి పెద్ద హిస్సా ఉంది, అది మనలో చాలామందికి మాలూమ్ లేదు.

ఈ శీతాకాలం మా ఇంట్లో ప్లాన్ అదే. గుండుగొలను పేరులోనే కొలను ఉంది. మా పిల్లలకి నీళ్ళంటే కొల్లేరే, చూడ్డానికి వెళ్ళడమంటే ఆటపాక గూడబాతులే. సముద్రంలో ఊపిరి పీల్చుకోడానికి పైకొచ్చే జీవి వాళ్ళకి టీవీలో బొమ్మ. ఎక్కడికెళ్తే కనిపిస్తాయని వెతకబోయి నేను కితాబుల్లో పడ్డాను. అక్కడ దొరికిన దాస్తాన్ ఇది.

మన ఇళ్ళల్లో తిమింగలం ముందు పరిచయమయ్యేది హజ్రత్ యూనుస్ అలైహిస్సలాం కిస్సాతో. ఖురాన్ ఆ చేపని 'హూత్' అంటుంది, ఆయన్ని 'జున్నూన్' అంటుంది, అంటే చేపవారు. ముసీబత్ వస్తే ఆయత్-ఎ-కరీమా చదవమని చెప్పే ప్రతి అమ్మీ ఆ కిస్సా కూడా చెప్తుంది. తర్వాత హదీసులో 'అంబర్' వస్తుంది. హజ్రత్ అబూ ఉబైదా సర్దారీలో మూడువందల మంది సహాబాలు ఆకలితో సముద్రం ఒడ్డుకి చేరితే అక్కడ ఒక కొండంత చేప పడి ఉంది. రోజుల తరబడి అదే తిన్నారు. దాని పక్కటెముక నిలబెడితే కింద నుంచి ఒంటె వెళ్ళిందని హజ్రత్ జాబిర్ రివాయత్. బుఖారీ షరీఫ్‌లో ఉన్న వాకియా ఇది.

అరబ్బులకి ఈ జీవులు కిస్సాల్లోనే కాదు, రోజువారీ బతుకులో కూడా తెలుసు. హిజ్రీ 237, అంటే క్రీ.శ. 851 నాటి 'అఖ్బారుస్సీన్ వల్ హింద్' అనే కితాబులో మన హిందూ మహాసముద్రంలో తిరిగే 'వాల్' అనే పెద్ద చేప జిక్ర్ ఉంది. అది పడవని గుద్దుతుందన్న భయంతో మల్లాహులు రాత్రిళ్ళు చెక్కలు కొట్టి చప్పుడు చేసేవాళ్ళట. మన బంగాళాఖాతానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'హర్కంద్'. పద్నాలుగో శతాబ్దంలో ఈజిప్టులో దమీరీ సాహెబ్ రాసిన 'హయాతుల్ హయవాన్'లో 'దుల్ఫీన్' అని విడిగా ఒక పాఠమే ఉంది. నీళ్ళలో మునిగిపోయేవాడికి వీపు ఆనించి ఒడ్డుకి చేరుస్తుందని అందులో రాశాడు. ఆ కితాబు ఉర్దూ తర్జుమా మన మదరసాల అల్మారాల్లో ఇప్పటికీ దొరుకుతుంది.

అరబ్బులు రాసిపెట్టుకున్నారు సరే, మరి మన ఒడ్డు సంగతేంటి? మన బెస్తలు తరతరాలుగా వీటితోపాటే వేట చేశారు. వాళ్ళ మాటలు కాగితం మీదకి ఎప్పుడు ఎక్కాయి?

ఆ జవాబు మనల్ని ఒక తెల్ల దొర దగ్గరికి తీసుకెళ్తుంది. ఆయన పేరు వాల్టర్ ఇలియట్. 1803లో స్కాట్లాండులో పుట్టాడు. మద్రాసు సివిల్ సర్వీసులో చేరి 1845 నుంచి 1854 దాకా ఉత్తర సర్కార్లకి కమిషనర్‌గా చేశాడు. ఉత్తర సర్కార్లంటే ఏవి? శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. 'సర్కార్' అన్న మాట ఫార్సీది, గోల్కొండ నవాబుల కాలం నుంచీ మన గడ్డకి ఉన్న హుకూమతీ పేరు. 1766లో నిజాం అలీఖాన్‌తో ఒప్పందం చేసుకుని కంపెనీవాళ్ళు వీటిని తీసుకున్నారు. పేరు మాత్రం మార్చలేదు. అంటే గుండుగొలను రైతు కట్టే శిస్తు మీద అజమాయిషీ కూడా ఆ ఇలియట్ గారిదే.

తారీఖు చదివినవాళ్ళకి ఇలియట్ పేరు వేరే కారణాన గుర్తుంటుంది. 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించి శిల్పాలు బయటికి తీసింది ఆయనే. వాటికి చాలాకాలం 'ఇలియట్ పాలరాళ్ళు' అనే పేరు నడిచింది. ఇప్పుడవి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. నాణేలు, శాసనాలు, పక్షులు, చేపలు, ఏది దొరికితే అది పోగేసే షౌక్ ఆయనది. వాల్తేరులో బంగళా ఉండేది, కింద సముద్రం. బెస్తల వలల్లో ఏదైనా కొత్త జానవర్ పడితే ఆ పుర్రె ఆయన దగ్గరికి చేరేది.

1852లో విశాఖపట్నం రేవులో అలా ఒక పుర్రె దొరికింది. మన డెల్టా తారీఖులో 1852 అంటే ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన ఏడు, మన పొలాలకి గోదావరి వచ్చిన కాలం. ఆ పుర్రె మాత్రం మిగతావాటితో కలిసి ఓడెక్కి లండన్ వెళ్ళింది. అక్కడ రిచర్డ్ ఓవెన్ అనే పెద్ద ఆలిం, 'డైనోసార్' అన్న మాట పుట్టించినాయన, వాటిని చూసి ఒక వ్యాసం రాశాడు. 1866లో అచ్చయింది. అందులో ఆయన కొత్తగా నామకరణం చేసిన జీవుల్లో మూడింటిని గుర్తుపెట్టుకోండి.

ఒకటి, ఆ రేవులో దొరికింది. గుండ్రటి తల, ముందుకి పొడుచుకొచ్చే మూతి లేదు. అందుకని 'బ్రెవిరోస్ట్రిస్' అన్నాడు, లాటిన్‌లో పొట్టి మూతిది అని. రెండోది వాల్తేరు దగ్గర దొరికిన చిన్న జాతి తిమింగలం. దానికి 'సైమస్' అని పెట్టాడు, అంటే చప్పిడి ముక్కుది. ఇప్పుడు దాన్ని 'కోగియా సీమా' అంటున్నారు. చాలాకాలం ఇది వేరే జాతి కాదు, ముందే తెలిసిన ఇంకో తిమింగలమే అని ఆలింలు కొట్టిపారేశారు. సరిగ్గా నూరేళ్ళకి, 1966లో, కాదు ఇది వేరేదే అని తేల్చారు. ఈ రెండు జాతుల్నీ లోకం మొట్టమొదట శాస్త్రం ప్రకారం గుర్తించింది మన విశాఖ ఒడ్డున దొరికినవాటిని చూసే.

మూడోది నా దిల్‌కి దగ్గరైంది. ఒక డాల్ఫిన్‌కి ఓవెన్ 'డెల్ఫినస్ గడము' అని పేరు పెట్టాడు. లాటిన్ లుగత్ తిప్పితే ఆ మాట దొరకదు. అది తెలుగు. విశాఖ బెస్తలు ఆ జీవిని పిలిచే పేరు. దాన్నే తీసి లాటిన్ పక్కన నిలబెట్టాడు.

ఆ తర్వాత 1884లో స్టెర్న్‌డేల్ అనే ఆయన హిందుస్తాన్, సిలోన్ జంతువుల మీద పెద్ద కితాబు అచ్చువేశాడు. అందులో ఇలియట్ సేకరించిన జీవుల పక్కన తెలుగు పేర్లు వరసగా ఉన్నాయి. గడము ఉంది. చప్పిడి ముక్కు తిమింగలానికి 'వొంగు' అని ఉంది. పొట్ట మీద మచ్చలుండే దానికి 'సువ్వ' అని ఉంది. ఒళ్ళంతా చుక్కలుండే డాల్ఫిన్‌కి 'బొల్ల గడిమి' అని ఉంది. ఓవెన్ ఆ చుక్కల్ని చూసి లాటిన్‌లో 'లెంటిజినోసస్' అన్నాడు, మచ్చలది అని. అదే సంగతి బెస్తవాడు 'బొల్ల' అన్న రెండక్షరాల్లో అప్పటికే చెప్పేశాడు. అంటే ఈ మనుషులు సముద్రంలో కనిపించినవాటన్నిటినీ కలిపి ఒకే పేరుతో పిలవలేదు. వేటికవి విడదీసి చూశారు, విడివిడిగా పేర్లు పెట్టుకున్నారు. అది కూడా ఇల్మే.

ఇక్కడ ఉర్దూ మీడియంలో చదువుకున్నవాడిగా నాకు ఒక మాట తట్టింది. ఉర్దూ రాతలో జేర్, జబర్, పేష్ పెట్టకపోతే మాట తెలిసినవాడే సరిగ్గా చదవగలడు, తెలియనివాడు తడబడతాడు. ఈ పేర్ల గతి కూడా అంతే. ఇంగ్లీషు అక్షరాల్లో 'డ' అయినా 'ద' అయినా ఒకటే, పొట్టి 'గ' అయినా పొడుగు 'గా' అయినా ఒకటే. నేను గడము అని రాస్తున్నది ఆ కాగితం గాదము అని కూడా పలకనిస్తుంది. సరిగ్గా పలికినవాడు విశాఖ ఒడ్డున బతికి పోయాడు. కాగితం మీద పుర్రె పంపిన దొర పేరుంది, పేరు పెట్టిన ఆలిం పేరుంది. వల విసిరినవాడి పేరు, ఆ మాట నోటితో చెప్పినవాడి పేరు లేవు.

ఇప్పుడు ఈ తారీఖులో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపెట్టిన సంగతి. జంతువుల పేర్లకి శాస్త్రంలో ఒక ఖానూన్ ఉంది. ఒక జీవికి ఇద్దరు ముగ్గురు వేర్వేరుగా పేర్లు పెడితే అందరికన్నా ముందు పెట్టినవాడి పేరుదే హక్కు. గడము ఏ జాతో తర్వాత తరం ఆలింలు పోల్చి చూస్తే, అది ఎర్ర సముద్రంలో అప్పటికే పేరు పడిన డాల్ఫినే అని తేలింది. 1833లో ఎహ్రెన్‌బర్గ్ అనే జర్మన్ పెట్టిన 'అడంకస్' అన్న పేరు నిలిచింది. మరి మన గడము? పాత పేర్ల జాబితాలోకి వెళ్ళిపోయింది.

ఆ జాబితా తీసి చూశాను. గడము పక్కన ఇంకో పేరుంది. 'అబూసలాం'. 1842లో రుప్పెల్ అనే ఇంకో జర్మన్ ఎర్ర సముద్రం దగ్గర అరబ్ బెస్తలు ఆ డాల్ఫిన్‌ని ఏమంటారో విని అదే లాటిన్‌లో పెట్టాడు. అబూ సలాం! ఎంత ప్యారా నామ్. సముద్రం మధ్యలో పడవ పక్కనే లేచి మునిగి, లేచి మునిగి వచ్చే జీవికి ఇంతకన్నా మంచి పేరు ఏముంటుంది?

ఆలోచించండి. ఒక ఒడ్డున అరబ్బీ మాట్లాడే బెస్తవాడు, ఇంకో ఒడ్డున తెలుగు మాట్లాడే బెస్తవాడు. ఒకరి జబాన్ ఒకరికి రాదు. ఇద్దరూ చూసింది ఒకే జాతి జీవిని. ఇద్దరి మాటా ఐరోపా వెళ్ళి లాటిన్ బట్టలు కట్టుకుంది. రెండూ ఖానూన్ ముందు ఓడిపోయి ఒకే జాబితాలో పక్కపక్కన చేరాయి. తెలుగు ముసల్మాన్ ఇంట్లో పుట్టినవాడికి ఈ రెండు మాటలూ సొంత మాటల్లాగే వినిపిస్తాయి. మనవైపు లంగరు, బందరు, తుఫాను అన్న మాటలు అరబ్బీ ఫార్సీల నుంచి వచ్చి తెలుగు సముద్రపు మాటలైపోయాయి కదా. ఆ రాకపోకల తారీఖులో ఈ రెండు పేర్లనీ చేర్చుకోవాలి.

పొట్టి మూతి డాల్ఫిన్ సంగతి ఇంకా విచిత్రం. దాని లాటిన్ పేరు నిలబడింది గానీ మామూలు పేరు మారిపోయింది. 1871లో జాన్ ఆండర్సన్ అనే ఆయన బర్మాలోని ఐరావతి నదిలో అలాంటివే చూసి వేరే జాతి అనుకుని ఇంకో పేరు పెట్టాడు. తర్వాత రెండూ ఒకటే అని తేలింది. ఆయన పెట్టిన లాటిన్ పేరు పోయింది గానీ లోకం నోట్లో 'ఐరావతి డాల్ఫిన్' అన్న పేరు ఉండిపోయింది. మొదట దొరికింది విశాఖలో, ఊరి పేరు బర్మా నదిది. బడి పుస్తకంలో ఐరావతి డాల్ఫిన్ అని చదివే తెలుగు పిల్లాడికి అది మన రేవులో దొరికిందని ఎవరు చెప్తారు?

ఇక సఫర్ సంగతి. చూడ్డానికే ప్రత్యేకంగా వెళ్ళడమన్నది పాత అలవాటేం కాదు. అమెరికాలో శాన్‌డియేగో దగ్గర 1955లో ఒక బోటువాడు మనిషికి ఒక డాలరు తీసుకుని తిమింగలాల్ని చూపించాడు, ఆ వ్యాపారం అలా మొదలైంది. అప్పటికి ఓడల మీద వెళ్ళి వాటిని చంపి నూనె తీసే ధందా ఇంకా జోరుగానే ఉంది. 1979లో మన హిందూ మహాసముద్రాన్ని తిమింగలాల వేట లేని ప్రాంతంగా ప్రకటించారు. ఇవాళ శ్రీలంకలో మిరిస్సా నుంచి బోటెక్కితే నవంబరు, ఏప్రిల్ మధ్య నీలి తిమింగలాలు కనిపించేది ఆ నీళ్ళలోనే. పాస్‌పోర్టు, ఖర్చు రెండూ ఉన్నవాళ్ళు అటు చూడొచ్చు.

మనలాంటి మధ్యతరగతి ఖాందాన్‌కి దగ్గర దారి చిలికా. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో రైలెక్కితే హౌరా లైనే. బరంపురం దాటాక కిటికీలోంచి చిలికా కనిపిస్తూనే ఉంటుంది. ఖుర్దారోడ్ మీదుగా పూరీ చేరి అక్కణ్ణుంచి సుమారు 50 కిలోమీటర్లు రోడ్డు మీద వెళ్తే సతపడ. అక్కడ బోట్లుంటాయి. చూపించేది ఏ డాల్ఫిన్‌ని? మన విశాఖ రేవులో దొరికిన ఆ పొట్టి మూతిదాన్నే. ఆ సరస్సులో ఇప్పుడు దాదాపు 150 ఉన్నాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నీళ్ళు నిమ్మళంగా ఉంటాయి, పిల్లలకి అదే మంచి మౌసమ్.

దారిలో వైజాగ్‌లో ఒక రోజు దిగమని నా సలహా. దర్గా కొండ మీద హజ్రత్ ఇషాక్ మదనీ ఆస్తానాకి వెళ్ళి ఫాతిహా చదివి, పైనుంచి కిందికి చూడండి. ఓడలు లోపలికొచ్చే దారి కనిపిస్తుంది. 1852 నాటి పుర్రె సంగతి పిల్లలకి చెప్పడానికి దానికన్నా మంచి జాగా లేదు.

బోటెక్కాక అదబ్ మర్చిపోకండి. వాటికి చేపల్లా మొప్పలుండవు, మనలాగే ఊపిరితిత్తులు. గాలి కోసం పైకి రావాలి, తల్లి పిల్లకి పాలివ్వాలి. బోటువాడికి ఇంకో వంద ఎక్కువిచ్చి దగ్గరికి తరమమంటే ఆ ఇంజను రెక్క దాని వీపుని కోస్తుంది. దూరం నుంచే చూస్తామని ముందే చెప్పండి. ఇంకో మాట, అత్తర్ షౌక్ ఉన్నవాళ్ళకి. అసలైన అంబర్ అమ్ముతామని ఎవరైనా ఫోన్‌లో ఫోటోలు చూపిస్తే చేతులు వెనక్కి పెట్టుకోండి. తిమింగలం కడుపులో తయారయ్యే ఆ వస్తువు దగ్గర పెట్టుకోవడం, అమ్మడం, కొనడం మన దేశంలో నేరం.

చిలికా చూసి కొల్లేరు వాళ్ళం నేర్చుకోవాల్సింది కూడా ఉంది. అక్కడా రొయ్యల ఘేరీలు సరస్సుని మింగేశాయి. సముద్రపు మొగ పూడిపోయింది. లోకంలో ప్రమాదంలో ఉన్న సరస్సుల జాబితాలో చిలికా పేరు ఎక్కింది. 2000 సెప్టెంబరులో కొత్త మొగ తవ్వారు, ఉప్పునీళ్ళు తిరిగొచ్చాయి, 2002లో ఆ జాబితా నుంచి పేరు తీసేశారు. అదే 2002లో మన కొల్లేరుకి రామ్‌సర్ గుర్తింపొచ్చింది. 2006లో చెరువులు కొట్టేశారు, వాటి మీద బతికే పేదలు రోడ్డున పడ్డారు, చెరువులు మళ్ళీ లేచాయి. నీళ్ళనీ, వాటి మీద బతికే మనిషినీ కలిపి చూడకపోతే ఏదీ నిలవదని ఈ రెండు సరస్సులూ చెప్తున్నాయి. కొల్లేరు వడ్డీలు ఎప్పుడో ఒరిస్సా వైపు నుంచి వచ్చారని మనవైపు చెప్పుకుంటారు. పూరీ ఒడ్డున వేట చేసే నోలియాలు మన తెలుగు గడ్డ నుంచి అటు వెళ్ళినవాళ్ళు. ఇవాళ్టికీ పూరీలో పెంఠకటా బస్తీకి వెళ్తే తెలుగు వినిపిస్తుంది.

నా అసలు అర్జీ ఇక్కడే. పూరీ వెళ్ళినప్పుడు సతపడ బోటు దిగి ఫోటోలతో తిరిగొచ్చేయకండి. పెంఠకటాలోనో, వైజాగ్ జాలరిపేటలోనో వల బాగుచేసుకుంటున్న ఒక బుజుర్గ్ దగ్గర కూర్చోండి. "తాతా, దీన్ని మీరేమంటారు?" అని పిల్లలతో అడిగించండి. ఆయన చెప్పింది తెలుగు అక్షరాల్లో రాయించండి, 'డ'కి 'డ', 'ద'కి 'ద', దీర్ఘం ఉన్నచోట దీర్ఘం. మచ్చలదాన్ని వేరేగా అంటారా, పెద్దదాన్ని వేరేగా అంటారా, అదీ అడగండి. పేరు చెప్పిన మనిషిని అడిగి ఆయన పేరు కూడా ఆ పక్కనే రాయండి. నూటడెబ్బై ఏళ్ళ కింద దొరలు రాసుకున్నప్పుడు ఆ గడి ఖాళీగా వదిలేశారు. దాన్ని నింపడానికి ఒక నోటుబుక్కు, ఒక పెన్ను చాలు.